గవర్నర్లు మారారు, తోటల యజమానులు మారలేదు: మారిషస్‌ను మూడు దేశాలు ఏలిన తీరు

క్లుప్తంగా: హిందూ మహాసముద్రంలోని మారిషస్‌ను 1638 నుంచి 1968 వరకు డచ్చివారు, ఫ్రెంచివారు, బ్రిటిషువారు వరసగా పాలించారు. గవర్నరు చేతిలో ఎంత అధికారం ఉందనేది అతని సామర్థ్యం మీద కంటే మూడు విషయాల మీద ఎక్కువగా ఆధారపడింది: పై అధికారి ఎంత దూరంలో ఉన్నాడు, ఖర్చు ఎవరు భరిస్తున్నారు, ఆ ద్వీపం ఏ పనికి కావాలి. 1810లో జెండా మారినా భూమి, చట్టం, భాష పాతవారి చేతిలోనే ఉండిపోయాయి. నేటి చాగోస్ వివాదానికి మూలం కూడా గవర్నరు పాలన ముగిసిన తీరులోనే ఉంది.

చాగోస్ దీవులపై సార్వభౌమత్వాన్ని మారిషస్‌కు అప్పగించే ఒప్పందంపై 2025 మే 22న బ్రిటన్ సంతకం చేసింది. ఆ ఒప్పందం ప్రకారం, అమెరికా సైనిక స్థావరం ఉన్న డియెగో గార్సియా దీవిని మాత్రం 99 ఏళ్ల లీజు కింద తన దగ్గరే ఉంచుకుంటుంది. అందుకు ఏడాదికి సగటున 10.1 కోట్ల పౌండ్లు చెల్లించాలి. ఈ వార్త చదివిన చాలామందికి ఒక సందేహం వస్తుంది. మారిషస్ నుంచి రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఆ దీవులు అసలు మారిషస్‌వి ఎలా అయ్యాయి? ఎవరూ వాటిని మారిషస్‌కు రాసివ్వలేదు. ఫ్రెంచివారి కాలం నుంచీ వాటి పాలన పోర్ట్ లూయీలోని గవర్నరు కింద నడిచింది, అంతే. బ్రిటిషు కాలంలో ఆయన హోదా కూడా 'మారిషస్, దాని ఆధీన ప్రాంతాల గవర్నరు' అనే. అందుకే ఈ కథను ఆ కుర్చీతోనే మొదలుపెట్టాలి.

డచ్చి కాలం: గవర్నరు కాదు, స్టోరు కీపరు

1598లో డచ్చి ఓడలు ఇక్కడికి చేరి, తమ రాకుమారుడు మారిట్స్ పేరు ద్వీపానికి పెట్టాయి. నలభై ఏళ్ల దాకా ఎవరూ స్థిరపడలేదు. 1638లో డచ్చి ఈస్టిండియా కంపెనీ కొర్నేలిస్ హోయర్ అనే కమాండరును పాతిక మందితో పంపింది. స్థానిక జనం ఎవరూ లేని ద్వీపం అది. గెలవడానికి రాజూ లేడు, పన్ను కట్టడానికి రైతూ లేడు. మన తీరంలో కంపెనీలు నవాబులతో, జమీందార్లతో బేరాలు ఆడుతున్న రోజుల్లో ఇక్కడ బేరం ఆడటానికి మనిషే లేడు. ఈ ఒక్క తేడాను మరచిపోతే మారిషస్ చరిత్ర అర్థం కాదు. ఇక్కడ ఉన్న ప్రతి మనిషీ ఎవరో ఒకరు ఏదో ఒక పని కోసం తెచ్చినవారే.

కంపెనీకి కావలసింది తూర్పు దేశాలకు వెళ్లే ఓడలకు నీళ్లు, మాంసం, నల్లచేవ కలప. ఇంకొకరు వచ్చి కూర్చోకుండా చూడటం ఇంకో పని. కాబట్టి కమాండరు పని పాలన కంటే గిడ్డంగి కాపలాకు దగ్గరగా ఉండేది. రెండో కమాండరు ఆడ్రియాన్ వాన్ డెర్ స్టెల్ 1639లో జావా నుంచి చెరకును, జింకలను తెప్పించాడు. మడగాస్కర్ నుంచి బానిసలను కూడా తెప్పించాడు. ఆ రోజున చెరకు సరుకుల జాబితాలో ఒక పద్దు మాత్రమే. తర్వాత మూడు వందల ఏళ్లు ఈ ద్వీపాన్ని నడిపించింది ఆ పద్దే.

డచ్చివారు 1658లో ద్వీపాన్ని వదిలేశారు. 1664లో మళ్లీ వచ్చారు, 1710లో శాశ్వతంగా వెళ్లిపోయారు. ఎలుకలు, తుపాన్లు, కరవు, అడవుల్లోకి పారిపోయిన బానిసల దాడులు అని కారణాలు చెబుతారు. 1695లో పారిపోయిన బానిసలు కోటనే తగలబెట్టిన మాట నిజమే. కానీ లెక్కల పుస్తకంలో అసలు కారణం వేరే చోట ఉంది. 1652లో ఆఫ్రికా దక్షిణ కొసన కేప్ స్థావరం మొదలైంది. ఓడలకు నీళ్లూ మాంసమూ అక్కడే దొరుకుతుంటే మారిషస్‌తో పనేముంది? రెండోసారి వచ్చాక మారిషస్ కమాండరు ఆదేశాలు తీసుకున్నది కూడా కేప్ నుంచే. అంటే ఒక విశ్రాంతి స్థావరానికి అనుబంధ స్థావరం. ఖర్చు తప్ప రాబడి లేని చోట ఏ కంపెనీ ఎంతకాలం ఉంటుంది?

ఫ్రెంచి కాలం: ఓడరేవు తయారైంది

1715లో ఫ్రెంచివారు ద్వీపాన్ని స్వాధీనం చేసుకుని ఇల్ ద ఫ్రాన్స్ అని పేరు పెట్టారు. మొదటి స్థిర నివాసులు 1721 తర్వాతే వచ్చారు. పాలన ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీది. 1735లో గవర్నరుగా వచ్చిన మాహె ద లా బూర్దొనే ద్వీపం పనినే మార్చేశాడు. ఆగ్నేయ తీరంలోని పాత రేవు ఎదురుగాలికి ఉండేది. వాయవ్యాన కొండల చాటున ఉన్న పోర్ట్ లూయీని ఆయన రాజధానిగా తీర్చిదిద్దాడు. నౌకలు మరమ్మతు చేసే చోటు, ఆసుపత్రి, నీటి కాలువ, కోటలు కట్టించాడు. పనివారిలో పాండిచ్చేరి నుంచి తెచ్చిన తాపీ, వడ్రంగి, కమ్మరి పనివారు ఉన్నారు. ఒప్పంద కూలీలు రావడానికి వందేళ్ల ముందే దక్షిణ భారత మనుషులు ఈ ద్వీపంలో ఉన్నారన్న మాట.

ఈ రేవు ఎందుకు కట్టారో 1746లో మద్రాసుకు తెలిసింది. లా బూర్దొనే ఇక్కడి నుంచి నౌకాదళంతో వెళ్లి సెప్టెంబరులో మద్రాసును పట్టుకున్నాడు. డబ్బు తీసుకుని నగరాన్ని ఇంగ్లీషువారికే తిరిగి ఇచ్చేస్తానని ఒప్పందం చేసుకున్నాడు. పాండిచ్చేరి గవర్నరు డూప్లే ఆ ఒప్పందాన్ని ఒప్పుకోలేదు. ఇద్దరూ ఒకే కంపెనీ గవర్నర్లు, ఇద్దరికీ ఎవరి అధికారం వారిది, ఎవరు పై అన్నది తేల్చేవాళ్లు ప్యారిస్‌లో ఉన్నారు. ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి ఏడాదికి పైనే పట్టేది. చివరికి లా బూర్దొనే ఫ్రాన్స్ వెళ్లి బాస్టీల్ జైల్లో పడ్డాడు. 1751లో నిర్దోషిగా బయటికొచ్చాడు, రెండేళ్లకే చనిపోయాడు. ఆ కాలపు గవర్నరుకు దూరం స్వేచ్ఛ ఇచ్చేది. ఆ స్వేచ్ఛకు లెక్క మాత్రం తిరిగి వెళ్లాక కట్టాల్సి వచ్చేది.

ఏడేళ్ల యుద్ధం తర్వాత కంపెనీ దివాలా తీసింది. 1767 నుంచి రాజే నేరుగా పాలన తీసుకున్నాడు. అప్పుడొక విచిత్రమైన ఏర్పాటు వచ్చింది. సైన్యం, రక్షణ గవర్నరువి. డబ్బు, న్యాయం, సరఫరాలు ఇంటెండెంటువి. ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచాలన్నది ఉద్దేశం. కానీ మొదటి జంటే పొసగలేదు. గవర్నరు ద్యుమా, ఇంటెండెంట్ పియెర్ ప్వావ్ర్ మధ్య గొడవలు ముదిరి, ఏడాదిన్నర తిరక్కముందే ద్యుమాను వెనక్కి పిలిపించారు. ప్వావ్ర్ మాత్రం 1772 దాకా ఉండి, డచ్చివారి గుత్తాధిపత్యంలో ఉన్న లవంగం, జాజికాయ మొక్కలను దొంగచాటుగా తెప్పించి పాంప్లెమూస్ తోటలో పెంచాడు. అడవుల నరికివేతపై 1769లో నిబంధనలు పెట్టించాడు. ఇవాళ పర్యాటకులు పెద్ద తామరాకులు చూడటానికి వెళ్లే తోట అదే.

1785 తర్వాత కొన్నాళ్లు కేప్‌కు తూర్పున ఉన్న ఫ్రెంచి ప్రాంతాలన్నిటికీ పోర్ట్ లూయీయే కేంద్రం అయింది. పాండిచ్చేరి గవర్నరు కూడా ఇక్కడి గవర్నర్ జనరల్ కిందే. పాండిచ్చేరి ఆధీనంలోని యానాం, ఆ లెక్కన, కొంతకాలం ఈ ద్వీపం నుంచి పాలింపబడినట్టే.

ఒక గోడ పత్రిక, ఒక యుద్ధం

ఫ్రెంచి విప్లవ కాలంలో గవర్నరు అధికారం ఎంత పలుచనో బయటపడింది. 1794లో ప్యారిస్ సభ వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆ ఉత్తర్వును అమలు చేయడానికి 1796లో ఇద్దరు ప్రతినిధులు పోర్ట్ లూయీ వచ్చారు. తోటల యజమానులు వారిని కొద్దిరోజుల్లోనే ఓడ ఎక్కించి పంపేశారు. అప్పటి ద్వీప జనాభాలో పదిమందిలో ఎనిమిది మంది బానిసలే. వారిని విడిపిస్తే తోటలు మూతపడతాయని యజమానుల లెక్క. అప్పటి గవర్నరు మలార్తిక్ యజమానులతో తగవు పెట్టుకోలేదు. బహుశా అందుకే 1800లో చనిపోయేదాకా పదవిలో ఉన్నాడు. పోర్ట్ లూయీ మైదానంలో ఆయన సమాధి ఇప్పటికీ ఉంది.

ఆయన చేసిన ఒక పని మాత్రం దక్షిణ భారతం మొత్తానికి తగిలింది. 1798 జనవరిలో టిప్పు సుల్తాన్ దూతలు ఇంగ్లీషువారి మీద యుద్ధానికి సాయం కోరుతూ రహస్యంగా వచ్చారు. మలార్తిక్ దగ్గర పంపడానికి సైన్యం లేదు. టిప్పు కోసం స్వచ్ఛందంగా చేరేవారు రావాలని ఆయన బహిరంగ ప్రకటన ఇచ్చాడు. చేరింది సుమారు వందమంది. కానీ ఆ ప్రకటన కలకత్తా చేరింది. యుద్ధానికి సాకు వెతుకుతున్న గవర్నర్ జనరల్ వెల్లస్లీకి అది చేతికి అందిన ఆధారం. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు చనిపోయాడు. మైసూరు నుంచి వచ్చిన ప్రాంతాలను నిజాం 1800లో ఇంగ్లీషు కంపెనీకి అప్పగించాడు. దత్త మండలాలు, అంటే నేటి రాయలసీమలో చాలా భాగం, కంపెనీ చేతికి వచ్చిన వరుసలో పోర్ట్ లూయీ గోడ మీద అంటించిన ఒక కాగితం కూడా ఒక మెట్టే. అది లేకపోతే యుద్ధం వచ్చేది కాదని అనలేం. వెల్లస్లీకి ఇంకో సాకు దొరికేదే.

1810: ఓడినవారికి దక్కిన ఒప్పందం

చివరి ఫ్రెంచి గవర్నరు జనరల్ దెకా నెపోలియన్ మనిషి. 1803లో పాండిచ్చేరిని తీసుకోవడానికి వెళ్తే ఇంగ్లీషువారు ఇవ్వలేదు, అక్కడి నుంచి ఇల్ ద ఫ్రాన్స్ చేరాడు. వలసదారుల సభలను ఎత్తేశాడు. ఆస్ట్రేలియా తీరపు పటాలు గీసి తిరిగి వెళ్తున్న ఇంగ్లీషు నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్‌ను గూఢచారిగా అనుమానించి ఆరేళ్లకు పైగా బంధించాడు. ఇంగ్లీషు సరుకు ఓడలను దోచే ప్రైవేటు ఓడలకు పోర్ట్ లూయీ గూడుగా మారింది. ఆ నష్టాన్ని ఇక భరించలేక బ్రిటన్ ద్వీపాన్నే పట్టుకోవాలని నిశ్చయించింది.

1810 ఆగస్టులో గ్రాండ్ పోర్ట్ దగ్గర సముద్ర యుద్ధంలో ఫ్రెంచివారే గెలిచారు. ప్యారిస్‌లోని ఆర్క్ ద ట్రయంఫ్ మీద చెక్కిన గెలుపుల్లో అది ఒకటి. మూడు నెలలకే, నవంబరు 29న, మద్రాసు, బెంగాల్, బొంబాయి నుంచి వచ్చిన దళాలు ఉత్తర తీరంలో దిగాయి. వాటిలో మద్రాసు సిపాయిలు కూడా ఉన్నారు. డిసెంబరు 3న దెకా లొంగిపోయాడు.

లొంగుబాటు షరతుల్లో గెలిచినవారి ఉదారత చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఫ్రెంచి సైనికులు ఖైదీలు కారు, ఓడలెక్కించి స్వదేశం పంపుతారు. నివాసుల మతం, చట్టాలు, ఆచారాలు అలాగే ఉంటాయి. సొంత ఆస్తులకు హామీ. ఆస్తి అంటే అందులో బానిసలూ ఉన్నారు. తుపాన్ల కాలం ముంచుకొస్తుంటే పని త్వరగా ముగించాలన్న తొందర ఒక కారణం కావచ్చు. కానీ పెద్ద లెక్క ఇంకొకటి. బ్రిటన్‌కు కావలసింది రేవు. పొలాలు, ఇళ్లు, కోర్టులు ఎవరి చేతిలో ఉన్నా దానికి పట్టింపు లేదు.

ఈ లెక్కకు పక్కనున్న ద్వీపమే సాక్ష్యం. బూర్బోన్ ద్వీపాన్ని (నేటి రియూనియన్) కూడా బ్రిటన్ 1810లోనే పట్టుకుంది. 1814 ప్యారిస్ సంధిలో దాన్ని ఫ్రాన్స్‌కు తిరిగి ఇచ్చేసింది, మారిషస్‌ను ఉంచుకుంది. బూర్బోన్‌లో మంచి ఓడరేవు లేదు. అంతే తేడా. ఒకే గవర్నరు కింద పెరిగిన రెండు ద్వీపాల్లో ఒకటి ఇవాళ స్వతంత్ర గణతంత్రం, ఇంకొకటి 1946 నుంచి ఫ్రాన్స్‌లో ఒక జిల్లా.

బ్రిటిషు కాలం: చక్కెర ముందు గవర్నరు

మొదటి బ్రిటిషు గవర్నరు రాబర్ట్ ఫార్కర్ కొద్ది విరామంతో 1823 దాకా ఉన్నాడు. పాత ఫ్రెంచి కుటుంబాలతో చక్కగా కలిసిపోయాడు. 1807లోనే బ్రిటన్ నిషేధించిన బానిసల వ్యాపారం ఆయన హయాంలో దొంగచాటుగా సాగింది. తర్వాత పార్లమెంటులో దాని మీద రభస జరిగింది. మరోవైపు, బానిసల సరఫరాను మూలంలోనే ఆపాలని 1817లో మడగాస్కర్ రాజు రదామాతో ఒప్పందం కుదిర్చిందీ ఆయనే. తుపాన్లకు కాఫీ, లవంగం తోటలు కూలిపోతే చెరకు మాత్రం వంగి మళ్లీ లేచేది. అందుకే ఆయన చెరకును ప్రోత్సహించాడు. 1825లో మారిషస్ చక్కెర మీద బ్రిటన్ సుంకాన్ని వెస్టిండీస్ చక్కెరతో సమానం చేయగానే ద్వీపం రూపమే మారింది. రేవు కోసం పట్టుకున్న ద్వీపం ఒకే పంట ఎస్టేటు అయింది.

ఎస్టేటు అయ్యాక గవర్నరుకు అసలు సమస్య మొదలైంది. లండన్ ఆదేశాలు ఒకవైపు, యజమానుల ఆదాయం ఇంకోవైపు. 1832లో బానిసత్వ వ్యతిరేకి జాన్ జెరెమీని ప్రభుత్వ న్యాయాధికారిగా పంపితే యజమానులు దుకాణాలు, వ్యాపారాలు మూసేసి ద్వీపాన్ని స్తంభింపజేశారు. గవర్నరు కోల్విల్ చేతులెత్తేసి జెరెమీని తిప్పి పంపాడు. 1796 మళ్లీ జరిగినట్టే. ప్రభుత్వం మారింది, ఓడ ఎక్కించినవాళ్లు మాత్రం వాళ్లే.

1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. కానీ యజమానులకు 20 లక్షల పౌండ్లకు పైగా పరిహారం ముట్టింది. బానిసలుగా బతికినవారికి ఏమీ ఇవ్వలేదు. పైగా 1839 దాకా 'అప్రెంటిస్' అన్న పేరుతో అదే తోటల్లో పని చేయాల్సి వచ్చింది.

ఆ ఖాళీలోకి మన మనుషులు వచ్చారు. 1834 నుంచి 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా సుమారు నాలుగున్నర లక్షల భారతీయ ఒప్పంద కూలీలు పోర్ట్ లూయీలో దిగారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, బీహారు ప్రాంతాలవారు. తమిళులు, తెలుగువారు మద్రాసు రేవు నుంచి, తెలుగువారిలో కొందరు కోరంగి, విశాఖ వైపు నుంచి బయల్దేరారు. వాళ్లు దిగిన మెట్లున్న చోటే ఆప్రవాసి ఘాట్, 2006 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. 1861 నాటికి ద్వీపంలో దాదాపు మూడింట రెండొంతులు భారతీయులే.

వీరి విషయంలో ఇద్దరు గవర్నర్లను పక్కపక్కన పెట్టి చూడాలి. హెన్రీ బార్క్లీ హయాంలో 1867 కార్మిక చట్టం వచ్చింది. ఒప్పందం ముగిసిన 'పాత కూలీ' కూడా ఫొటో ఉన్న పాసు దగ్గర పెట్టుకోవాలి. లేకపోతే దేశదిమ్మరి అని పోలీసులు పట్టుకుపోవచ్చు. తర్వాత 1871లో వచ్చిన ఆర్థర్ గోర్డన్ ఈ వేధింపులు చూసి నిలదీశాడు. అదే ఏడాది అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట యజమాని తొమ్మిది వేలమందికి పైగా పాత కూలీల సంతకాలతో అర్జీ పెట్టాడు. రాయల్ కమిషన్ వచ్చింది, 1875లో నివేదిక ఇచ్చింది, కొన్ని నిబంధనలు సడలాయి. గోర్డన్ మంచి గవర్నరు అని ఇక్కడితో ఆపేస్తే బాగుంటుంది. కానీ ఆయన తర్వాత ఫిజీకి మొదటి గవర్నరుగా వెళ్లాడు. అక్కడి స్థానికులను తోట పని నుంచి కాపాడాలని, 1879లో భారతీయ ఒప్పంద కూలీల పద్ధతిని ఫిజీలో మొదలుపెట్టిందీ ఆయన ప్రభుత్వమే. పద్ధతిలోని లోపాలు ఆయనకు తెలుసు, అయినా చక్కెరకు మనుషులు కావాలి.

ఓటు దగ్గరా ఇదే కథ. ఐరిష్ గవర్నరు జాన్ పోప్ హెనెసీ పట్టుబట్టి 1885లో ఎన్నికైన సభ్యులకు చోటిచ్చే రాజ్యాంగం తెచ్చాడు. 'మారిషస్ మారిషస్‌వారికే' అన్నది అప్పటి నినాదం. ఆస్తి అర్హతల వల్ల మొదట్లో ఓటర్లు సుమారు నాలుగు వేలే. జనంలో మెజారిటీ అయిన భారతీయులకు అందులో దాదాపు చోటే లేదు. అరవై ఏళ్లు గడిచాక, మెకెంజీ కెనెడీ గవర్నరుగా ఉన్నప్పుడు తయారైన కొత్త రాజ్యాంగం ప్రకారం, ద్వీపంలో వాడే ఏ భాషలోనైనా చదవడం రాయడం వస్తే చాలు, ఓటు వచ్చింది. 1948 ఎన్నికలకు ఓటర్లు పన్నెండు వేల నుంచి సుమారు 72 వేలకు పెరిగారు. బైఠకాల్లో (భారతీయులు ఊళ్లో కలుసుకుని చదువు చెప్పుకునే చోట్లలో), గుడి అరుగుల మీద నేర్చుకున్న నాలుగు అక్షరాలు తోట యజమాని మాట కంటే బరువైనవి కావడం అదే మొదటిసారి.

చివరి గవర్నరు, చివరి కోత

1965 నాటికి స్వాతంత్య్రం ఖాయమైంది. మంత్రివర్గం ఉంది, శివసాగర్ రామ్‌గూలాం నాయకుడు. కానీ చివరి అధికారం ఇంకా గవర్నరు జాన్ షా రెనీ ద్వారా లండన్‌దే. ఆ ఏడాది నవంబరు 8న బ్రిటన్ చాగోస్‌ను మారిషస్ నుంచి విడదీసి కొత్త భూభాగంగా ప్రకటించింది. మారిషస్‌కు 30 లక్షల పౌండ్లు ఇచ్చింది. తర్వాతి ఏళ్లలో, 1973 కల్లా, అక్కడి జనం అందరినీ ఖాళీ చేయించారు. వారిలో ఎక్కువమంది ఒకప్పటి బానిసల సంతతే.

మారిషస్ మంత్రులు ఒప్పుకున్నారు కదా అన్నది బ్రిటన్ వాదన. 2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానం తన సలహా అభిప్రాయంలో దాన్ని అంగీకరించలేదు. విడదీసే రోజుకు మారిషస్ ఇంకా వలస పాలనలో ఉంది, అసలు అధికారమంతా బ్రిటన్, దాని ప్రతినిధుల చేతిలో ఉంది, అలాంటప్పుడు ఇచ్చిన ఒప్పుదల ప్రజల స్వేచ్ఛాభీష్టం కాదన్నది దాని సారం. 'ప్రతినిధులు' అంటే మొదటి పేరు గవర్నరుదే. మూడు శతాబ్దాలు ఆ కుర్చీ నిజంగా ఎంత బలమైనదన్న ప్రశ్నకు తోట యజమానులు ఒక జవాబు ఇచ్చారు, కోర్టు ఇంకో జవాబు ఇచ్చింది. భూస్వాముల ముందు తరచూ వంగిన ఆ పదవి, ఓటు ఇప్పుడిప్పుడే దక్కిన జనం ప్రతినిధుల ముందు మాత్రం వంగాల్సిన అవసరం రాలేదు. రెండు జవాబులూ నిజమే.

1968 మార్చి 12న మారిషస్ స్వతంత్రమైంది. రెనీ కొద్ది నెలలు గవర్నర్ జనరల్‌గా ఉండి వెళ్లిపోయారు. 1992 మార్చి 12న దేశం గణతంత్రం అయినప్పుడు చివరి గవర్నర్ జనరల్ వీరాసామి రింగాడూ మొదటి అధ్యక్షుడయ్యారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. అధికార పత్రాలు ఇంగ్లీషులో, పత్రికలు ఎక్కువగా ఫ్రెంచిలో, ఇంట్లో మాట క్రియోల్‌లో నడుస్తాయి. వారసత్వం, ఒప్పందాల వంటి సివిల్ తగాదాలకు నెపోలియన్ కాలపు ఫ్రెంచి స్మృతే నేటికీ పునాది. అయితే చివరి అప్పీలు మాత్రం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కే వెళ్తుంది.